అవ్వ చెప్పిన గ్రీకు

మా పాస్టరేట్‌లో ఒక అక్క నిన్న రాత్రి ఫోన్ చేసింది. వాళ్ళ పాప ఇంటర్ పరీక్షలు రాసింది, బి.డి.కి, అంటే పాస్టర్ కావడానికి చదివే వేదాంత డిగ్రీకి పోతానని పట్టుబట్టిందట. "ఐదేళ్ళు బైబిలు చదవడానికి ఏముంటుంది తల్లీ? రోజూ పొద్దున లేచి మనం చదివేదే కదా" అని అడిగింది. ఎగతాళికి అడగలేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. అక్కా, పాప చేత చదివించుకో.

మాది నంద్యాల వైపు, కె.సి. కాలువ కింద ఊరు. 2013లో పుష్పలలితమ్మగారు నంద్యాల డయోసిస్‌కి, అంటే ఈ ప్రాంతపు సంఘాలన్నిటికీ బిషప్ అయ్యారు. మా సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)లో తొలి మహిళా బిషప్. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. మా గుడిలో ఆ వార్త చెప్పినప్పుడు స్త్రీల మైత్రి అనే మా ఆడవాళ్ళ సంఘం వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. మా అవ్వ మాత్రం నా వైపు తిరిగి చూసింది. ఏమీ అనలేదు. ఆ చూపు నాకు ఇంకా గుర్తుంది. 2018లో ఇంటర్ అయిపోగానే బిషప్ ఆఫీసు సిఫారసు ఉత్తరం పట్టుకుని బి.డి.లో చేరడానికి హైదరాబాదు బస్సెక్కాను.

ఇంటర్ తర్వాత చేరితే బి.డి. ఐదేళ్ళు, డిగ్రీ చేసి చేరితే నాలుగు. పాత నిబంధన, కొత్త నిబంధన, క్రైస్తవ సిద్ధాంతం, సంఘ చరిత్ర, ఇతర మతాల అధ్యయనం, కౌన్సెలింగ్, ప్రసంగం తయారుచేయడం, ఆదివారాలు ఏదో ఒక సంఘంలో పరిచర్య. డిగ్రీ ఇచ్చేది మా కాలేజీ కాదు, బెంగాల్‌లోని సేరంపూర్ కాలేజీ సెనేట్. ఆ సేరంపూర్ కాలేజీని కేరీ, మార్ష్‌మన్, వార్డ్ అనే ముగ్గురు మిషనరీలు కలిసి 1818లో పెట్టారు. అప్పట్లో ఆ ఊరు డెన్మార్క్ వాళ్ళ చేతిలో ఉండేది. డిగ్రీలిచ్చే హక్కు కూడా 1827లో డెన్మార్క్ రాజు రాసిచ్చిన సనదుతో వచ్చిందే. మొదటి ఏడాది ఇదంతా పరీక్ష కోసం బట్టీ పట్టాను. నా భాషకు ఆ ఊరితో ఉన్న బంధం తర్వాత గానీ తెలియలేదు.

మొదటి ఏడాది కష్టమంతా ఇంగ్లీషుతోనే. తెలుగు మీడియం నుంచి వచ్చిన మాకు పాఠం ఒక భారం, పాఠం చెప్పే భాష ఇంకో భారం. రెండో ఏడాది గ్రీకు వచ్చింది, కొత్త నిబంధన మొదట రాసిన భాష. నామవాచకాల రూపాలు మారుతుంటే, డేటివ్ అంటే ఏమిటో, జెనిటివ్ అంటే ఏమిటో ఇంగ్లీషులో ఎంత చెప్పినా తలకెక్కలేదు. ఒక రాత్రి హాస్టల్లో కూర్చుని ఆ పట్టిక పక్కన ఏడో తరగతిలో నేర్చుకున్నది రాసి చూశాను. డు ము వు లు ప్రథమ. నిన్ నున్ లన్ కూర్చి గురించి ద్వితీయ. అంతే, తలుపు తెరుచుకున్నట్టయింది. గ్రీకు డేటివ్‌లో మన చతుర్థి ఉంది, చేతన్ తోడన్ అనే తృతీయ కూడా చాలావరకు అందులోనే దూరింది. వలనన్ అనే పంచమి పని జెనిటివ్ చేస్తుంది. ఓ, ఓయి అనే సంబోధనకు వాళ్ళకూ వేరే రూపం ఉంది. మర్నాడు తెలుగు పిల్లలం నలుగురం మెస్సులో కూర్చుని ఆ పట్టికంతా విభక్తుల్లోకి మార్చుకున్నాం. గ్రీకు నేర్చుకునే తెలుగు విద్యార్థికి నేను మొదట చెప్పే మాట ఇదే: నీ చిన్నప్పటి తెలుగు వ్యాకరణం పుస్తకం వెంట తెచ్చుకో.

ఆ ఏడాదే కరోనా వచ్చింది. హాస్టల్ మూసేశారు. ఊరికొచ్చి ఫోన్‌లోనే పాఠాలు విన్నాను. మా ఇంట్లో సిగ్నల్ అందదు. వాకిట్లో వేపచెట్టు కింద, మంచం కోడుకు ఫోన్ ఆనించి కూర్చునేదాన్ని. పక్కనే అవ్వ చేటలో కందిపప్పు చెరుగుతూ ఉండేది. అవ్వకు చదువు రాదు. పురుషోత్తమ చౌదరి రాసిన క్రైస్తవ కీర్తనలు మాత్రం పల్లవి నుంచి చివరి చరణం దాకా ఒక్క మాట పోకుండా పాడుతుంది.

ఒక రోజు లూకా సువార్త ఏడో అధ్యాయం పాఠం. నాయీను ఊరి విధవరాలు, ఒక్కగానొక్క కొడుకు శవం, ఊరి బయటికి వస్తున్న పాడె. మన బైబిల్లో "ప్రభువు ఆమెను చూచి ఆమెయందు కనికరపడి" అని ఉంటుంది. ఆ "కనికరపడి" దగ్గర మాస్టారు ఆగారు. గ్రీకులో అక్కడున్న క్రియ స్ప్లాంఖ్నిజొమై. స్ప్లాంఖ్నా అంటే పేగులు, కడుపులోని అవయవాలు. కొత్త నిబంధన మొత్తంలో ఈ క్రియ 12 సార్లే వస్తుంది, ఆ 12 కూడా మత్తయి, మార్కు, లూకాల్లోనే. ప్రతిసారీ అది యేసు గురించో, ఆయన చెప్పిన ఉపమానాల్లోని మనిషి గురించో. తప్పిపోయిన కుమారుడు ఇంకా దూరంగా ఉండగానే చూసి పరుగెత్తిన తండ్రికి వాడిన మాట కూడా ఇదే. మాస్టారు ఇంగ్లీషులో ఐదారు మాటలు చెప్పి, "ఏదీ సరిపోదు, ఇంగ్లీషులో దీనికి మాట లేదు" అన్నారు.

అవ్వ చేట కింద పెట్టి, "ఏందే అంటున్నాడు ఆయన?" అంది. చెప్పాను. యేసుప్రభువు ఆమెను చూస్తే లోపల పేగుల్లో ఏదో అయిందంట అవ్వా, దానికి మాట దొరకడం లేదంట అన్నాను.

"దొరక్కపోవడమేంది? కడుపు తరుక్కుపోయింది ఆయనకు."

అని మళ్ళీ చేట తీసుకుంది.

నాకు ఒళ్ళు జలదరించింది. రెండు వేల ఏళ్ళ కిందటి గ్రీకు మాట, అక్షరం రాని మా అవ్వ నోట్లో సిద్ధంగా ఉంది. కనికరం మంచి మాటే, నేను కాదనడం లేదు. కానీ కనికరం పైనున్నవాడు కిందివాడి మీద చూపేది. కడుపు తరుక్కుపోవడానికి పైనా కిందా లేవు. అది సొంతవాళ్ళకు జరుగుతుంది.

అక్కడితో వదల్లేదు నేను. కాలేజీ తెరిచాక పాత నిబంధన మేడమ్‌ను అడిగాను. పాత నిబంధన రాసిన హెబ్రీలో జాలికి రహమీమ్ అంటారు, గర్భానికి రెహెమ్ అంటారు, రెండింటి ధాతువూ ఒకటే అని ఆమె చెప్పారు. తెలుగులో చూడండి. కడుపు అంటే పొట్టా అదే, గర్భమూ అదే. కడుపుతో ఉంది అంటాం, కడుపు పండింది అంటాం, కడుపుతీపి అంటాం, బిడ్డ పోతే కడుపుకోత అంటాం. గ్రీకు పేగులూ హెబ్రీ గర్భమూ మన ఒక్క మాటలో కూర్చున్నాయి. లైబ్రరీలో రహమీమ్ వచ్చే వచనాలన్నీ తెలుగు బైబిలుతో పోల్చుకుంటూ పోయాను. చాలాచోట్ల కృప, వాత్సల్యం, కనికరం. 1 రాజులు 3:26 దగ్గర ఆగిపోయాను. సొలొమోను బిడ్డను రెండుగా కోయమన్నప్పుడు అసలు తల్లి గురించి మన పాత అనువాదం అంటుంది: "తన బిడ్డ విషయమై పేగులు తరుగుకొని పోయినదై".

అంటే ఆ మాట మన బైబిల్లో ఉంది! అనువాదం చేస్తూ కూర్చున్న వాళ్ళలో ఎవరికో తమ ఇంట్లో ఆడవాళ్ళు మాట్లాడే మాట గుర్తొచ్చింది, ఆ ఒక్కచోట రాసేశారు. సువార్తల్లో ప్రభువు దగ్గరికి వచ్చేసరికి మర్యాదగా కనికరపడి అన్నారు. తల్లికి తగిన మాట దేవునికి తగదనుకున్నారేమో. నాకైతే తగుతుందనే అనిపిస్తుంది.

సంఘ చరిత్ర క్లాసులో ఇంకో సంగతి తెలిసింది. 1805లో విశాఖపట్నం వచ్చిన మిషనరీల్లో దేగ్రాంజ్ అనే ఆయన, ఆనందరాయర్ అనే తెలుగు తెలిసిన బ్రాహ్మణ క్రైస్తవుడితో కలిసి సువార్తలు అనువదించాడు. దేగ్రాంజ్ 1810లోనే చనిపోయాడు. మత్తయి, మార్కు, లూకా 1812లో అచ్చయ్యాయి, అదీ సేరంపూర్‌లో. అదే ఏడు మార్చి 11న ఆ అచ్చుకూటం తగలబడింది. వాళ్ళు మళ్ళీ లేచి నిలబడ్డారు, 1814లో కేరీ తెలుగు వ్యాకరణం కూడా అచ్చయింది. నా పట్టా మీద ఉండబోయే ఊరి పేరూ, లూకా సువార్త తెలుగులో మొదట అచ్చయిన ఊరి పేరూ ఒకటే. ఆ రోజు నుంచి సేరంపూర్ నాకు పరాయి ఊరు కాలేదు.

మూడో ఏడాది అరవింద్ నిర్మల్ గారి దళిత థియాలజీ, అంటే దళితుల బతుకులోంచి దేవుణ్ణి అర్థం చేసుకునే వేదాంతం చదివాం. 1980లలో ఆయన ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయంలోని ఇశ్రాయేలీయుల విశ్వాస ప్రమాణాన్ని తీసుకుని, ఏమీ కాని జనాన్ని దేవుడు జనంగా చేసిన కథగా చదివారు. నొప్పిలోంచే దేవుణ్ణి తెలుసుకుంటాం, ఏ కార్యాచరణకన్నా ముందే ఆ నొప్పి ఉంది అన్నది ఆయన వాదన. మా పేటలో పుట్టి పెరిగిన నాకు దాన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. అవ్వ కూలికి పోయి వచ్చిన చేతులు నాకు తెలుసు. కానీ ఆ చేతుల నుంచి కూడా సిద్ధాంతం పుడుతుందని ఒక పాఠ్యాంశంగా, మార్కులు వేసే పేపర్‌గా చదవడం వేరు. ఆ పేపర్ రాసి బయటికొచ్చి గోడకానుకుని ఏడ్చాను.

ఇప్పుడు చదువు అయిపోయి, పాస్టర్‌గా ప్రొబేషన్‌లో ఉన్నాను. మూడు ఊళ్ళు చూసుకుంటున్నాను. కోతల పండుగలు, పెళ్ళిళ్ళు, స్త్రీల మైత్రి కూటాలు. అయ్యగారని పిలవాలా అమ్మగారని పిలవాలా అని మొదట్లో అందరికీ సందేహం. అమ్మగారు అంటే పాస్టర్‌గారి భార్య కదా మరి. ఇప్పుడు అదే పిలుపు నాకూ అలవాటైంది.

పోయిన నెల ఒక ఊళ్ళో ఇరవై రెండేళ్ళ అబ్బాయి శనగ లోడు తోలుతూ ట్రాక్టర్ తిరగబడి చనిపోయాడు. తండ్రి లేడు. ఒక్కడే కొడుకు. భూస్థాపన నేనే చేయాలి. ముందురోజు రాత్రంతా నాయీను కథ తెరిచి కూర్చున్నాను. ఆ కథలో కొడుకు లేస్తాడు. ఇక్కడ లేవడు. "ఏడువవద్దు" అని ప్రభువు అన్నాడు, ఆ మాట అనే అధికారం నాకు లేదు. ఐదేళ్ళు చదివినా ఆ రాత్రి నా నోట్సులో దేనికీ బదులు దొరకలేదు.

మర్నాడు ఆ పెద్దమ్మ పక్కన చాప మీద కూర్చుని, పదమూడో వచనంలో సగం దాకా చదివి ఆపేశాను. పుస్తకం మూసి చెప్పాను. పెద్దమ్మా, ఇక్కడ కనికరపడి అని ఉంది కానీ, లూకా రాసిన అసలు మాట అది కాదు. ఆ తల్లిని చూసినప్పుడు ఆయనకు కడుపు తరుక్కుపోయింది, అదీ రాసింది.

ఆమె చాలాసేపు నా ముఖం చూసింది.

"ఆయనకూనా?" అంది.

అవును పెద్దమ్మా అన్నాను.

అప్పటిదాకా రెండు రోజులుగా గొంతు పెగలని మనిషి, నా భుజం మీద తల పెట్టి గట్టిగా ఏడ్చింది. పాడె లేపడానికి వచ్చినవాళ్ళు అట్లాగే నిలబడ్డారు. ఎవరూ తొందర పెట్టలేదు.