8995నా, 8995-ఏనా: ఒక ఫారం కోసం నేను పడ్డ తంటా

గ్రీన్ కార్డు వచ్చాక ఉద్యోగం మానేసి సొంతంగా ఐటీ కన్సల్టింగ్ మొదలుపెట్టాను. అమెరికాలో ఇలాంటి వ్యాపార ఆదాయం మీద 20 శాతం దాకా డిడక్షన్ (పన్ను పడే ఆదాయంలోంచి తగ్గింపు) ఉంది, క్యూబీఐ (అర్హత ఉన్న వ్యాపార ఆదాయం) డిడక్షన్ అంటారు, 2018 నుంచి అమల్లో ఉంది. ఇంతవరకే నాకు తెలుసు. 2024 ట్యాక్సులు నేనే ఫైల్ చేద్దామని కూర్చుంటే దానికి రెండు ఫారాలు కనిపించాయి: 8995, 8995-ఏ. మొదటిది ఒక్క పేజీ. రెండోది చూస్తేనే టెన్షన్, పైగా దానికి షెడ్యూళ్లు వేరే.

మనకి ఏది నచ్చితే అది కాదు, ఆదాయమే తేలుస్తుంది. 2024కి భార్యాభర్తలు కలిపి ఫైల్ చేస్తే 3,83,900 డాలర్ల దాకా చిన్న ఫారం, దాటితే పెద్దది. మా ఆవిడ డబ్ల్యూ-2 (కంపెనీ ఇచ్చే జీతం ఫారం)లో 2,90,000, నా లాభం 1,10,000, మొత్తం 4 లక్షలు. అయిపోయింది, దాటేశాం అనుకున్నా. కన్సల్టింగ్‌ని ఆ పెద్ద ఫారంలో ప్రత్యేక సేవల కింద లెక్కేస్తారు, గీత దాటిన కొద్దీ డిడక్షన్ తగ్గుతూ పోయి 4,83,900 దగ్గర సున్నా అవుతుంది. పైగా నా దగ్గర జీతానికి పనిచేసేవాళ్లు ఎవరూ లేరు, దానివల్ల ఇంకో కోత. ఒక వారాంతం మొత్తం ఆ పెద్ద ఫారం షెడ్యూల్ ఏ ముందేసుకుని తల పట్టుకున్నాను.

తీరా ఇన్‌స్ట్రక్షన్లు మళ్లీ నిదానంగా చదివితే, చూడాల్సింది మొత్తం ఆదాయం కాదట, ట్యాక్సబుల్ ఇన్‌కమ్, అంటే తగ్గింపులు పోగా పన్ను పడే ఆదాయం, అదీ ఈ డిడక్షన్ తీయకముందుది. సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్‌లో (సొంత పని చేసుకునేవాళ్లు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోసం కట్టేది) సగం 7,771, స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చుల లెక్క చూపకుండానే ఇచ్చే స్థిర తగ్గింపు) 29,200 తీసేస్తే మాది 3,63,029. గీతకి ఇరవై వేలు కిందే ఉన్నాం! ఆ రెండు రోజులూ ఊరికే పోయాయి.

చిన్న ఫారం కదా, ఐదు నిమిషాల పని అనుకుని 1,10,000లో 20 శాతం 22,000 వేసేశాను. తప్పు. షెడ్యూల్ సి (సొంత వ్యాపారం లెక్క చూపే ఫారం) లాభం మొత్తం క్యూబీఐ కాదు, ఆ 7,771 ఇక్కడా తీయాలి, మిగిలింది 1,02,229. సెల్ఫ్ ఎంప్లాయ్‌డ్ హెల్త్ ఇన్సూరెన్స్, సెప్ ఐఆర్ఏ (సొంత వ్యాపారులు రిటైర్మెంట్ కోసం దాచుకునే ఖాతా) లాంటివి ఉంటే అవీ తీయాలి, నాకు లేవు.

ఇంకోటి, దీన్ని దాదాపు వదిలేసేవాణ్ణి. 2023లో లాప్‌టాప్, లైసెన్సులు కొని 6,000 నష్టం చూపించాను. ఆ నష్టం అప్పుడే మా ఆవిడ జీతంలోంచి తగ్గిపోయింది కాబట్టి దాని కథ ముగిసిందనుకున్నా, కానీ క్యూబీఐ లెక్కలో అది వేరేగా మరుసటి ఏడాదికి వస్తుంది, 8995లో లైను 3 ఉన్నది అందుకే. పాత రిటర్న్ తీసి చూసుకుని అది కూడా తగ్గిస్తే 96,229, అందులో 20 శాతం 19,246. అదే 1040 (అసలు ట్యాక్స్ రిటర్న్ ఫారం)లో లైను 13కి వెళ్లింది. దీంతో సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ మాత్రం ఒక్క డాలరు తగ్గదు, ఆ ఆశ పెట్టుకోకండి.

2025కి ఆ గీత 3,94,600. మా ఆవిడకి బోనస్ బాగా వచ్చింది, నేనేమో ఆనందపడకుండా ముందు కాలిక్యులేటర్ తీశాను, అప్పుడు తను నన్ను చూసిన చూపు నేను ఇంకా మర్చిపోలేదు.