మన ఎండలకు డాడ్జ్, ప్లిమత్ మరగకుండా ఉండాలంటే

పాత అమెరికన్ కారు కొన్నవాళ్లు ముందుగా పెయింటు, క్రోము, సీట్ల మీద డబ్బు పోస్తారు. వరంగల్, కరీంనగర్, రామగుండం ఎండలకు ఆ బండి నిలవాలంటే మొదటి ఖర్చు ఇంజనును చల్లబరిచే నీళ్ల దారి మీద పెట్టాలి. నా మాట నమ్మండి, రంగు రెండేళ్లు ఆగినా నష్టం లేదు.

ఇక్కడ చెప్పేదంతా డాడ్జ్ కింగ్స్‌వే, ప్లిమత్‌ల గురించే. వీటిని అమెరికా క్రైస్లర్ కంపెనీ విడిభాగాలతో ప్రీమియర్ ఆటోమొబైల్స్ బొంబాయి కుర్లాలో బిగించి అమ్మింది కాబట్టి మన దేశంలో ఇప్పటికీ కనబడతాయి. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయి శివ్డీలో మొదలుపెట్టిన ఫ్యాక్టరీని 1954లో మూసేసింది. ఆ కంపెనీ పాత షెవ్రొలె కార్లు ఇక్కడ ఉండటం దాని చలవే. కానీ 1952 దాకా వచ్చిన షెవ్రొలె 216 ఇంజనులో కనెక్టింగ్ రాడ్లకు (పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కడ్డీలు) బాబిట్ అనే మెత్తటి లోహాన్ని కరిగించి పోసిన బేరింగులు. అవి అరిగితే మళ్లీ పోత పోసే చెయ్యి దొరకాలి. మొదటిసారి కొనేవాళ్లకు డాడ్జే మేలు. దాని ఇంజనులో మార్చుకునే షెల్ బేరింగులు ఉంటాయి.

కొనేముందు బానెట్ ఎత్తి సిలిండర్ హెడ్ పొడవు టేపుతో కొలవండి. క్రైస్లర్ ఆరు సిలిండర్ల ఇంజన్లు రెండు సైజులు: ఒకటి దాదాపు 23 అంగుళాలు, ఇంకొకటి 25. కెనడాలో తయారైనవాటికి పెద్దది వేశారు. కొలవకుండా గాస్కెట్ సెట్ తెప్పిస్తే అది అటకెక్కాల్సిందే. ఇంజను నంబరు బ్లాకు ఎడమ పక్క, ముందు భాగంలో చదును చేసిన చోట కొట్టి ఉంటుంది. దాన్ని ఆర్‌సీతో పోల్చి చూడండి. 1973 తర్వాత పెట్రోలు ధర మండిపోయి, చాలా కార్లలో అసలు ఇంజను పీకేసి డీజిల్ ఇంజను పెట్టారు, అలాంటివి కొనొద్దు.

ఇక నీళ్ల సంగతి. ఈ ఇంజనులో వాల్వులు హెడ్‌లో ఉండవు, బ్లాకులోనే సిలిండర్ల పక్కన ఉంటాయి. కాలిన గ్యాసు బ్లాకు గుండానే బయటికి పోతుంది కాబట్టి ఆ వేడంతా నీళ్ల మీదే పడుతుంది. అందుకే కంపెనీ వాటర్ పంపు వెనక, బ్లాకు లోపల ఆ చివరి దాకా ఒక రేకు గొట్టం పెట్టింది. దాని చిల్లుల్లోంచి చల్లటి నీళ్లు నేరుగా ఎగ్జాస్ట్ వాల్వుల దగ్గర కొడతాయి. డెబ్బై ఏళ్లకు ఆ గొట్టం జంగు పట్టి పొడైపోయి ఉంటుంది. అప్పుడు నీళ్లు ముందు సిలిండర్ల దగ్గరే తిరిగి వచ్చేస్తాయి, 5, 6 సిలిండర్లు కాలిపోతాయి. మీటరు మాత్రం ఒక్కోసారి నార్మల్‌గానే చూపిస్తుంది. మెకానిక్ కొత్త రేడియేటర్ వేద్దామంటాడు. అది వేసినా తేడా రాదు.

పరీక్ష సులువే. ఇంజను ఇరవై నిమిషాలు నడిపి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో హెడ్ ముందు, వెనక చూడండి. వెనక 15 డిగ్రీలు ఎక్కువుంటే గొట్టం పోయినట్టే. రేడియేటర్, వాటర్ పంపు విప్పితే బ్లాకు ముఖం మీద కోడిగుడ్డు ఆకారంలో గొట్టం మూతి కనిపిస్తుంది. కొక్కెం కట్టిన కడ్డీ దూర్చి, కొద్దికొద్దిగా కుదుపుతూ లాగాలి. బలంగా గుంజితే మూతి ఊడి చేతికొస్తుంది, మిగతాది లోపలే ఉండిపోతుంది. జంగు వదిలించే నూనె పోసి రాత్రంతా వదిలేసి పొద్దున లాగితే చాలావరకు వస్తుంది. కొత్తది ఇత్తడిదో స్టెయిన్‌లెస్‌దో వేయండి, చిల్లులు వాల్వుల వైపు తిరిగి ఉండాలి.

అదే ఊపులో బ్లాకు పక్కనున్న గుండ్రటి రేకు మూతలు తీసి చూడండి. వెనక మూత దగ్గర పిడికెడు ఎర్రమట్టి పేరుకుని ఉంటుంది. గట్టి తీగతో గోకి, పైపుతో నీళ్లు కొట్టండి. అంతా బిగించాక సుమారు 14 లీటర్ల నీళ్లలో అర కిలో నిమ్మ ఉప్పు కరిగించి పోసి, గంటసేపు నడిపి పారబోయాలి. తర్వాత వంటసోడా నీళ్లతో ఒకసారి, మామూలు నీళ్లతో రెండుసార్లు కడగాలి. రేడియేటర్ కారడం మొదలైతే కంగారు వద్దు. ఇన్నాళ్లూ ఆ చిల్లిని సున్నపు పొరే మూసి ఉంచింది, టంకం వేయిస్తే సరిపోతుంది. ఇకపై బోరు నీళ్లు మాత్రం పోయకండి, మన బోర్లలో సున్నం ఎక్కువ. డిస్టిల్డ్ వాటర్ (బ్యాటరీలో పోసే శుద్ధి నీళ్లు, యాసిడ్ కాదు), కూలెంట్ కలిపి పోయండి. ఇప్పటి కార్ల మూత రేడియేటర్‌కు సరిపోయింది కదా అని పెడితే ఆ ప్రెషర్‌కు పాత టంకం అతుకులు విచ్చుకుంటాయి.

బండి ఎండలో పోతూపోతూ ఆగిపోయి, అరగంట నీడలో పెడితే మళ్లీ స్టార్టయిందా? పెట్రోలు లైనులోనే ఆవిరై పంపుకు అందలేదన్నమాట. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుతో ఇది ఇంకా ఎక్కువ. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో ఒక వేడి వాల్వు ఉంటుంది. చలి దేశంలో కార్బురేటర్‌ను వెచ్చబెట్టడానికి పెట్టారు. అది జంగుతో మూసుకుని ఇరుక్కుంటే కార్బురేటర్ అడుగున పొయ్యి పెట్టినట్టే. చల్లబడే వైపు తిప్పి అక్కడే కట్టేయండి, మన ఊళ్లో దాని అవసరమే లేదు. పెట్రోలు పంపు డయాఫ్రమ్, రబ్బరు పైపులు ఇథనాల్‌కు తట్టుకునేవి వేయాలి, పాతవి మెత్తబడి చీలిపోతాయి. ఇథనాల్ వల్ల పెట్రోలు, గాలి మిశ్రమం పలచనై ఇంజను ఇంకా వేడెక్కుతుంది కాబట్టి కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే చిల్లి, అంటే మెయిన్ జెట్, ఒక సైజు పెంచాలి.

కరెంటు విషయంలో అందరూ చేసే తప్పు ఒకటే. 6 వోల్టుల బండికి 12 వోల్టుల కారు కేబుళ్లు వేస్తారు. అదే పనికి ఇక్కడ రెట్టింపు ఆంపియర్లు కావాలి, సన్న తీగలో ఆ కరెంటు పారదు. వేడెక్కాక స్టార్టర్ మూలుగుతుంటే బ్యాటరీని తిట్టుకోకుండా లావు రాగి కేబుల్ వేసి, ఇంజనుకూ చాసిస్‌కూ మధ్య ఎర్త్ పట్టీ కొత్తది బిగించండి. ఇంకో మాట: 1955 దాకా ఈ బండ్లకు పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ కొన బాడీకి కలిపి ఉంటుంది. ఇగ్నిషన్ కాయిల్ మైనస్ కొన తాళం వైపు, ప్లస్ కొన డిస్ట్రిబ్యూటర్ వైపు ఉండాలి. తిరగేసినా బండి నడుస్తుంది, కాకపోతే నిప్పురవ్వ బలహీనమై ఎత్తెక్కేటప్పుడు మిస్సవుతుంది. డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్ల మధ్య సందు (పాయింట్ గ్యాపు) 0.020 అంగుళం.

కాగితాలకొస్తే, 50 ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్న బండికి 2021 జులై నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. మొదటిసారి 20,000 రూపాయలు, పదేళ్లకు చెల్లుతుంది, ఆ తర్వాత 5,000. ర్యాలీకో ప్రదర్శనకో, పెట్రోలుకో రిపేరుకో తీయొచ్చు. రోజూ ఆఫీసుకు తోలడానికి ఒప్పుకోరు. డీజిల్ ఇంజను పెడితే అసలు రూపం పోయినట్టే, అలాంటి బండి కొనొద్దనడానికి ఇదీ ఒక కారణం.

చివరగా, ఆటోనగర్‌లో చక్రం విప్పించేటప్పుడు పక్కనే నిలబడండి. ఈ కార్లలో ఎడమ పక్క చక్రాల బోల్టులకు ఎడమ చుట్టు ఉంటుంది. అవి సవ్య దిశలో తిప్పితే వదులవుతాయి. బోల్టు తల మీద ఎల్ అక్షరం చూడండి. తెలియని కుర్రాడు రాడ్డుకు పైపు తగిలించి మామూలు లెక్కన తిప్పితే బోల్టు తల తెగి చేతికొస్తుంది. వెనక బ్రేకు డ్రమ్ములకైతే పుల్లర్ (డ్రమ్మును బయటికి లాగే పనిముట్టు) తప్పనిసరి. యాక్సిల్ కొన కోసుగా ఉండి డ్రమ్ము దాని మీద బిగుసుకుని ఉంటుంది. సుత్తితో కొడితే డ్రమ్ము పగులుతుంది. పుల్లర్ బిగించేముందు యాక్సిల్ నట్టును పూర్తిగా తీయకుండా రెండు చుట్లు వదిలి ఉంచండి, డ్రమ్ము ఒక్కసారిగా ఎగిరి మీద పడదు.