పోస్టర్ మీద నేను రాసిన తప్పు

4×400 రిలేలో నాకు బ్యాటన్ అందించేది, టీమంతా అన్న అని పిలిచే మా సీనియరే. ఆ సీజన్‌లో చివరి వంద మీటర్లకి వచ్చేసరికి కాళ్లీడ్చేవాడు. ట్రైనింగ్ ఎక్కువైందేమో అనుకున్నాం. తొడల మీద నల్లగా కమిలిన మచ్చలు కనిపిస్తే ఎక్కడో తగిలించుకున్నాడు అనుకున్నాం. రక్తపరీక్షలో అక్యూట్ ల్యుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్ అని తేలింది. కీమోతో అదుపులోకి తెచ్చి, తర్వాత ఎముక మూలుగ మార్పిడి చేయాలన్నారు డాక్టర్లు.

అన్నకి ఒక్కతే చెల్లెలు. తోబుట్టువుది పూర్తిగా మ్యాచ్ అయ్యే అవకాశం నాలుగింట ఒక వంతేనట. ఆమెది సగమే అయింది. మూలుగ దాతల పేర్లుండే రిజిస్ట్రీలో వెతకడం మొదలుపెట్టారు. ఊరికే కూర్చోలేక మేం డోనర్ల నమోదు శిబిరం పెట్టాం.

పోస్టర్ నేనే చేశాను. పతకంతో అన్న ఫొటో, కింద పెద్దక్షరాల్లో 'బ్లడ్ గ్రూప్: ఓ పాజిటివ్'. రక్తదానం పోస్టర్లు చూసిన అలవాటు! రెండ్రోజుల్లో అది ఎన్ని ఫోన్లకి పాకిందో తెలీదు. "నాది బి పాజిటివ్, నేను పనికిరానుగా" అని ఒకటే మెసేజ్‌లు. రిజిస్ట్రీ కోఆర్డినేటర్ అది చూసి తల పట్టుకుంది. కలవాల్సింది బ్లడ్ గ్రూప్ కాదు, హెచ్‌ఎల్‌ఏ. కణాల మీదుండే ఆ గుర్తులు సగం అమ్మ నుంచి, సగం నాన్న నుంచి వస్తాయి. గ్రూపులు వేరైనా మార్పిడి చేయొచ్చు. వెంటనే పోస్టర్ మార్చాను గానీ, తిరిగేదేమో పాతదే.

శిబిరానికి జనం బాగానే వచ్చారు. సగం మందికి ఒకటే భయం, వెన్నుపూసలోంచి తీస్తారని. అది కాదని ఆ రోజు ఎన్నిసార్లు చెప్పానో! నమోదుకైతే బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్దుతారు, అంతే. మ్యాచ్ అయితే నాలుగైదు రోజులు ఇంజెక్షన్లు ఇస్తారు, దాంతో మూలుగలో రక్తాన్ని తయారుచేసే మూలకణాలు రక్తంలోకి వస్తాయి. ఒక చేతి నుంచి తీసిన రక్తంలో మెషిన్ వాటిని పట్టుకుని మిగతాది రెండో చేతికి ఎక్కిస్తుంది. కొన్ని గంటల పని. ఇంజెక్షన్ల రోజుల్లో మాత్రం ఎముకలు బాగా లాగుతాయి, అది దాచకూడదు. ఎప్పుడైనా మూలుగే తీయాల్సి వస్తే మత్తిచ్చి తుంటి ఎముక నుంచి తీస్తారు.

మధ్యాహ్నం మా స్ప్రింటర్ ఒకడు దూదిపుల్ల చేతిలో పట్టుకుని అడిగాడు: "అన్నకి కాకుండా ఇంకెవరికో మ్యాచ్ అయితే?"

"అప్పుడూ వెళ్లాలి."

"నా సీజన్ మధ్యలో పిలిస్తే?"

"అప్పుడూ."

కాసేపు ఆలోచించి పుల్ల బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఒళ్లు మండిపోయింది నాకు. కోఆర్డినేటర్ మాత్రం "మంచి పని చేశాడు" అంది. మార్పిడికి ముందు పేషెంట్ సొంత మూలుగని గట్టి కీమోతో చంపేస్తారట. ఆ తర్వాత డోనర్ రానంటే మనిషి దక్కడం కష్టం. అప్పట్నుంచి ఫారం ఇచ్చే ముందే ప్రతి ఒక్కరినీ ఆ రెండు ప్రశ్నలూ అడిగాను. క్యూ పల్చబడింది. అన్నతో ఒక్క ఫొటో దిగిన చుట్టరికంతో సెల్ఫీలకొచ్చిన వాళ్లు ముందు జారుకున్నారు. రెండొందల మంది దాకా మిగిలారు. నాకు వాళ్ల మీదే నమ్మకం.

ఫలితాలకి వారాలు పట్టింది. మా రెండొందల్లో ఒక్కరిదీ అన్నతో కలవలేదు. రిజిస్ట్రీలోనూ దొరకలేదు. ఇంక ఆగే టైమ్ లేదని చెల్లెలి సగం మ్యాచ్‌తోనే చేద్దామన్నారు డాక్టర్లు. పెద్ద ఆపరేషన్ అనుకుని టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే ఒక చిన్న సంచీ వేలాడదీసి రక్తం ఎక్కించినట్టే ఎక్కించారు. అసలు టెన్షన్ తర్వాతి వారాలది, రక్తకణాల కౌంట్ ఎప్పుడు పెరుగుతుందా అని.

పెరిగింది. అన్న ఇప్పుడు ట్రాక్ చుట్టూ నడుస్తున్నాడు, పరుగు ఇంకా లేదు. మొన్న రిపోర్ట్ తెచ్చి నా ముందు పెట్టాడు. చెల్లెలి మూలుగ కదా, గ్రూపు కూడా ఆమెదే వచ్చింది.

"ఒరేయ్, నేనిప్పుడు బి పాజిటివ్. నీ పోస్టర్ రెండోసారి కూడా తప్పైంది" అన్నాడు.