గట్టు మీది ఎండ్రకాయలకు వేళ తెలుసు

నాట్లు పడగానే మా నాన్నకు పగలంతా గట్ల మీదే పని. బొరియ మూతి దగ్గర తడి బురద ఉండలు కనబడితే చాలు, మట్టి దట్టించి పూడ్చేస్తారు. తెల్లవారేసరికి ఆ పక్కనే ఇంకొక బొరియ, దానిలోంచి కింది మడిలోకి కారుతున్న నీళ్లు! లేత నారు కొరికేదీ, గట్టు తొలిచేదీ ఎక్కువగా రాత్రిపూటే. పగలు ఎండ్రకాయ బొరియ అడుగున, నీరు ఊరే చోట, మొప్పలు ఆరిపోకుండా కొంగకు అందకుండా ఉంటుంది. ముసురు పట్టిన రోజుల్లో మాత్రం పగలు కూడా బయట తిరుగుతుంది.

తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చదివేటప్పుడు ప్రయోగశాల తొట్టెలో మా పొలం జీవినే చూశాను. ఓజియోటెల్ఫూసా సెనెక్స్ సెనెక్స్ అని దాని పేరు. దాని కంటి కాడల్లోని హార్మోన్ల మీద అక్కడ దశాబ్దాలుగా పరిశోధన జరిగింది. రక్తంలో చక్కెరను పెంచే హార్మోను, కుబుసం విడవడాన్ని ఆపి ఉంచే హార్మోను, రెండూ ఆ చిన్న కాడల్లోవే.

చీకటి పడింది కాబట్టి బయటికి వస్తుంది అనుకుంటే సగమే సరి. బొరియలు తవ్వే రొయ్యలా కనబడే మరో మంచినీటి జీవి క్రేఫిష్‌ను ఎడతెగని చీకటిలో ఉంచి చూశారు. వెలుగు జాడే లేకపోయినా దాని కంటి చురుకు రాత్రి వేళకు పెరిగి, పగటి వేళకు తగ్గుతూనే వచ్చింది. లోపలే ఒక గడియారం ఉంది. సూర్యుడు దాన్ని రోజూ సరిదిద్దుతాడు, అంతే. ఇది చదివిన రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

ఎండ్రకాయ బయటికి వచ్చే వేళ తెలిస్తే విషంతో పని లేదు. అందుకే బొరియల్లో మందు గుళికలు పోయవద్దని ఊళ్లో అందరికీ చెబుతున్నాను. సముద్రపు పీత పిల్లలు నీళ్లలో కొట్టుకుపోయి ఎక్కడో పెరుగుతాయి. పొలం ఎండ్రకాయ అలా కాదు. గుడ్లను పొట్ట కింద మోస్తుంది, అందులోంచి నేరుగా బుల్లి ఎండ్రకాయలే వస్తాయి, అవీ కొన్నాళ్లు తల్లి పొట్టనే అంటిపెట్టుకుని ఉంటాయి. గుళికలు పోస్తే తల్లీ పిల్లలూ కలిసే పోతాయి. అదే మడి నీళ్లలోని కప్పలకూ ఆ విషం తప్పదు.

గట్టు కాపాడుకోవాలి, కాదనను. పొద్దుగుంకాక అవి బయటికి వచ్చే వేళకు లైటు, బకెట్టు పట్టుకుని వెళ్తే చేత్తోనే ఏరుకోవచ్చు. పిల్లల తల్లి కనబడితే కాలువలో వదిలేయవచ్చు. నాన్న పడమటి మళ్లకు ఒప్పుకున్నారు. తూర్పు గట్టు సంగతి ఇంకా మాట్లాడుతున్నాం.