రికార్డర్ పవర్ బోర్డు: 12 వోల్ట్ లైన్‌తో పంచాయితీ

ఎట్టకేలకు డిస్క్ తిరిగింది! తిరగడమే కాదు, రెండు ఛానెళ్లు ఒకేసారి రికార్డింగ్‌కి పెట్టి మూడో పక్క పాత రికార్డింగ్ నడిపించినా ఆగలేదు. దీనికోసం పడ్డ తిప్పలు మాత్రం పగవాడికి కూడా వద్దు.

హార్డ్ డిస్క్ ఉన్న పాత సెట్‌టాప్ రికార్డర్ ఇది. ఉరుములొచ్చిన రాత్రి దీని ఎస్‌ఎమ్‌పీఎస్ బోర్డు, అంటే ఇంటి కరెంటుని తక్కువ వోల్టుల డీసీగా మార్చే పవర్ బోర్డు, పోయింది. విప్పి చూస్తే పల్సుల వెడల్పు మార్చి వోల్టేజిని అదుపు చేసే పీడబ్ల్యూఎమ్ ఐసీ నిలువునా పగిలింది, దాని కాలి దగ్గర కరెంటుని కనిపెట్టే సెన్స్ రెసిస్టర్ బొగ్గయింది, ప్రింట్ ట్రాక్ కూడా లేచొచ్చింది. 5 వోల్టుల కెపాసిటర్ అంతకుముందే ఉబ్బి ఉన్నట్టుంది. బాక్స్ పారేయొచ్చు కదా అంటారు. అందులో అమ్మ దాచుకున్న తిరుమల గరుడసేవ ప్రసారాలున్నాయి, ఆ డిస్క్‌ని కంప్యూటర్‌కి తగిలిస్తే ఏమీ చదవదు. రికార్డింగులన్నీ ఆ బాక్స్ తాళంతోనే తెరుచుకుంటాయి, కాబట్టి బతికించాల్సింది బాక్స్‌నే.

అదే బోర్డు ఎక్కడా దొరకలేదు. కోఠి గుజరాతీ గల్లీలో 12 వోల్టులు 2 ఆంపియర్లు, 5 వోల్టులు 2 ఆంపియర్లు అని అచ్చేసిన ఊరూ పేరూ లేని బోర్డు ఒకటి తెచ్చాను. మదర్‌బోర్డు తనకు కావాల్సిన 3.3 లాంటివన్నీ తనే తయారు చేసుకుంటుంది కాబట్టి ఈ రెండు లైన్లు చాలు. స్క్రూ రంధ్రాలు కలవలేదు, కొత్తవి వేశాను. కనెక్టర్ వైర్ల వరుస మార్చాను. బాక్స్ వెంటనే ఆన్ అయింది, బొమ్మ వచ్చింది. ఇక్కడిదాకా సాఫీగానే ఉంది.

అసలు గొడవ డిస్క్ తగిలించాక మొదలైంది. గుయ్ మని లేస్తుంది, సగం వేగం అందుకునేలోపు టక్ మని పడిపోతుంది, బాక్స్ మళ్లీ మొదటినుంచి బూట్ అవుతుంది, మళ్లీ అదే టక్. మల్టీమీటర్ పెడితే 12 లైన్ 12.1 చూపిస్తోంది, అంతా బాగున్నట్టే. అంత చురుకైన దెబ్బని మామూలు మీటర్ పట్టుకోలేదు, అందుకే వోల్టేజి క్షణక్షణం ఎలా మారుతోందో గీసి చూపే డీఎస్‌ఓ138 కిట్ స్కోప్ బయటికి తీశాను. చాలామంది దాన్ని బొమ్మ అని తీసిపారేస్తారు కానీ సెకండరీ వైపు, అంటే ట్రాన్స్‌ఫార్మర్ దాటాక తక్కువ వోల్టేజి ఉండే పక్క, స్కోప్ లెక్కన నెమ్మదైన ఇలాంటి పనులకి అది బంగారం. డిస్క్ లేచేటప్పుడు 12 లైన్ 9.7కి పడుతోంది, 5 లైన్ మాత్రం 5.02 దగ్గర కదలకుండా కూర్చుంది. 3.5 అంగుళాల డిస్క్‌లకి 12 లైన్ సాధారణంగా పది శాతం అటూ ఇటూ ఉండొచ్చు, అంటే 10.8 కిందికి పోకూడదు. రిపేరులో రక్షణకని కరెంటుని తగ్గించేలా మెయిన్స్ వైరులో పెట్టే సిరీస్ బల్బు ఉంచుకుని ఇవన్నీ కొలిస్తే అర్థమే ఉండదు, తీసేసే కొలిచాను.

మొదట డిస్క్ మీదే అనుమానం. కంప్యూటర్ సప్లైతో తిప్పితే చక్కగా తిరిగింది, డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో ఒక్క సెక్టార్ కూడా పోలేదు. తర్వాత వైర్లు. బోర్డుతో వచ్చినవి జుట్టంత సన్నగా ఉన్నాయి, లావువి వేస్తే 9.85 అయింది. తర్వాత అందరూ చెప్పే మంత్రం, కెపాసిటర్ పెంచు. 2200 మైక్రోఫారడ్లది, లోపలి నిరోధం తక్కువుండే మంచి లో-ఈఎస్‌ఆర్ రకం, పక్కన అంటించాను. ఏమీ మారలేదు. మారదు కూడా, లెక్క వేస్తే తెలిసిపోతుంది. 2 ఆంపియర్లు లాగుతుంటే 2200 మైక్రోఫారడ్లు ఒక వోల్టు పడిపోవడానికి పట్టేది 1.1 మిల్లీసెకన్లు, డిస్క్ లేవడానికి కొన్ని సెకన్లు. బావి ఎండిపోతుంటే చెంబు పెద్దది తెచ్చుకున్నట్టు. (కెపాసిటర్ల మాట వచ్చింది కాబట్టి: పెద్ద జపాన్ కంపెనీల పేర్లతో గల్లీలో అమ్మేవన్నీ అసలువి కావు, తూకంలోనే తేడా తెలుస్తుంది. నామటుకు నాకు నమ్మకమైన షాపులో దొరికే కెల్ట్రాన్ నయం.)

12 లైన్ డయోడ్ మామూలు ఫాస్ట్ రికవరీ రకం. దాన్ని పీకి, తన మీద తక్కువ వోల్టేజి పోగొట్టే ఎస్‌బీ5100 షాట్కీ డయోడ్ వేస్తే 10.15కి వచ్చింది. బాగుపడుతోంది కానీ చాలడం లేదు. ట్రాన్స్‌ఫార్మరే చిన్నదేమో, 2 ఆంపియర్లన్న అచ్చే అబద్ధమేమో అనుకుని ఆశ వదిలేసే స్థితిలో, ఏదో చూద్దామని 5 లైన్ మీద 10 ఓమ్‌ల సిమెంట్ రెసిస్టర్ పెట్టాను. అర ఆంపియర్ అదనపు లోడ్. మామూలుగా లోడ్ పెంచితే ఇంకా పడాలి కదా, 12 లైన్ కనిష్ఠం 10.8కి ఎగబాకింది! అప్పుడు వెలిగింది. బోర్డు తిప్పి ట్రాక్‌లు వెతికితే ఔట్‌పుట్ వోల్టేజిని కనిపెట్టి కబురు పంపే టీఎల్431కి వెళ్లే ఫీడ్‌బ్యాక్ 5 లైన్ నుంచి ఒక్కటే, 12 నుంచి ఏమీ లేదు. అంటే ప్రైమరీ (మెయిన్స్) వైపు ఉన్న పీడబ్ల్యూఎమ్ ఐసీకి 12 లైన్ ఏడుపు వినబడనే వినబడదు. 5 బాగుంటే చాలు, పల్స్ వెడల్పు పెంచదు. నేను 5 మీద లోడ్ పెట్టగానే వెడల్పు పెంచింది, ఆ పుణ్యాన 12 కూడా లేచింది. రెండు లైన్లున్న బోర్డుకి ఫీడ్‌బ్యాక్ ఒక్కదాన్నుంచే తీసుకోవడం పిసినారితనం. ఒక్క రెసిస్టర్ ఖర్చు మిగులుతుంది, అంతే.

5 లైన్‌ని పంచి టీఎల్431కి చూపే రెసిస్టర్లు బోర్డు మీద పైన 4.7 కే (కిలో ఓమ్‌లు), కింద 4.7 కే ఉన్నాయి. కింది దాన్ని ముట్టుకోలేదు. పై దాన్ని 6.8 కే చేసి, 12 లైన్ నుంచి కొత్తగా 56 కే తెచ్చి టీఎల్431 రిఫరెన్స్ కాలికి కలిపాను, అంటే 12కి దాదాపు మూడోవంతు మాట చెల్లుబాటు. సిమెంట్ రెసిస్టర్ లేకుండా కనిష్ఠం 10.4, 5 లైన్ 5.15కి లేచింది. రెసిస్టర్ పెడితే 10.95. హద్దు దాటింది కానీ మరీ అంచున ఉంది, ఎండాకాలం మా ఇంటి కరెంటుకి ఇది ఆగదు. అందుకని 12 వైపు 36 కే, 5 వైపు 9.1 కే వేసి ఇద్దరికీ సగం సగం పంచాను. ఇప్పుడు డిస్క్ లేచేటప్పుడు 12 లైన్ 11.1, 5 లైన్ 5.16. ఊరికే ఉన్నప్పుడు 12.05, 4.92. 5 లైన్‌కి అయిదు శాతం సడలింపు అనుకుంటే 4.75 నుంచి 5.25 మధ్యలోనే ఉన్నాం. రెసిస్టర్లన్నీ ఒక శాతం మెటల్ ఫిల్మ్‌వి, అయిదు శాతం కార్బన్‌వి ఇక్కడ వేయకండి, ఈ లెక్కంతా గాలికి పోతుంది.

నచ్చనిది ఆ సిమెంట్ రెసిస్టర్. ఊరికే రెండున్నర వాట్లు వేడి, అదీ మూత మూసిన డబ్బాలో. దాన్ని బోర్డుకి దూరంగా, పక్క రేకు దగ్గర క్లిప్‌తో బిగించాను కానీ చెయ్యి పెడితే చురుక్కుమంటోంది.

అమ్మ గరుడసేవ చూసేసి, ఇక చాలు అన్నాక ఇంకో ప్రయోగం ఉంది. 2.5 అంగుళాల లాప్‌టాప్ డిస్క్ పెడితే దానికి 12 లైన్ అక్కర్లేదు, మొత్తం 5 మీదే నడుస్తుంది, అప్పుడు సిమెంట్ రెసిస్టర్ పీకేయొచ్చు. కానీ 12 మీద లోడ్ తగ్గి అది పైకి పోతుందేమో, ఈ సగం సగం పంపకం అప్పుడు ఎలా ప్రవర్తిస్తుందో కొలవాలి. బాక్స్ కొత్త డిస్క్‌ని ఫార్మాట్ చేసుకుంటుందో లేదో అదొకటి. ఈలోగా పాత బోర్డుకి ఐసీ, సెన్స్ రెసిస్టర్ తెచ్చి, లేచిపోయిన ట్రాక్ బదులు వైరు వేసి లేపడానికి చూస్తాను. ట్రాన్స్‌ఫార్మర్ బతికే ఉంటే దాని ఫీడ్‌బ్యాక్ ఎలా కట్టారో కూడా తెలుస్తుంది.