పాలు చేపిన ఏడో కిలోమీటరు

ఆదివారం, రాత్రి 9:40

తెల్లారి నాలుగింటికి పాప లేచింది. కుడివైపు తాగి, ఎడమవైపు సగం తాగి, నోట్లో పాలు ఉండగానే నిద్రపోయింది. అక్కణ్ణుంచి నా టైము మొదలైనట్టే. ఏడో నెల పిల్ల. రెండున్నర గంటలు ఆగుతుంది, మహా అయితే మూడు. ఇవాళ నేను పరిగెత్తాల్సింది 16 కిలోమీటర్లు. ఇప్పుడున్న వేగానికి అది రెండు గంటల పైమాటే. బయల్దేరే ముందు ఒళ్ళు వదులు చేసుకోవడం, వచ్చాక చెమట ఆరడం కూడా కలుపుకుంటే లెక్క ఎటూ కుదరదు. అందుకే నెలన్నరగా ఆదివారం లాంగ్ రన్‌ని రెండు ముక్కలు చేసుకుంటున్నాను. ఇవాళైతే ఎనిమిది పరిగెత్తి ఇంటికి రావడం, పాలు పట్టడం, మళ్ళీ ఎనిమిది.

ఈ రెండు ముక్కల సంగతి నన్ను చాలా బాధపెట్టింది. లాంగ్ రన్ అంటేనే ఆగకుండా చేసేది. కాళ్ళు అలిసిపోయాక కూడా పరిగెత్తడం ఒంటికి నేర్పడానికే అది. మధ్యలో ఇంటికొచ్చి ఇరవై నిమిషాలు కూర్చుంటే ఇంక దాన్ని లాంగ్ రన్ అంటారా? పెళ్ళికి ముందు రెండు ఫుల్ మారథాన్లు చేశాను. అప్పట్నుంచీ రాస్తున్న నోటుబుక్కు ఒకటుంది. అందులో ఈ ఆదివారాలన్నీ మొదటి ముక్క ఒక గీతలో, రెండో ముక్క కింది గీతలో విడివిడిగానే రాస్తూ వచ్చాను. రెండూ కలిపి ఒకే అంకె రాయడానికి చెయ్యి రాలేదు.

ఐదుంపావుకి బయటపడ్డాను. ఎంవీపీ కాలనీ సందులు దాటి అప్పూఘర్ దగ్గర బీచ్ రోడ్డెక్కితే ఇంకా చీకటే. అక్టోబరు వచ్చినా విశాఖ గాలిలో ఉక్క తగ్గలేదు. మొదటి కిలోమీటరుకే టీషర్టు వీపుకి అతుక్కుపోయింది. జోడుగుళ్ళపాలెం దాటాక తెన్నేటి పార్కు దగ్గర రోడ్డు పైకి లేస్తుంది. ఆ ఎక్కుడు అంటే కాన్పుకి ముందు నాకు మహా ఇష్టం. ఇప్పుడు దాని మీదే నా కటి కండరాలు ఎంత గట్టిపడ్డాయో తెలుస్తుంది. కాన్పయిన మూడు నెలలు నిండేదాకా పరుగు మాటే ఎత్తొద్దని ఫిజియోథెరపిస్టు చెప్పారు. ఆ మూడు నెలలూ నడకా, పెల్విక్ ఫ్లోర్ (కటి అడుగు కండరాల) వ్యాయామాలే. మొదటిసారి పరిగెత్తినప్పుడు రెండొందల మీటర్లకే మూత్రం జారింది. నడిరోడ్డు మీద నిలబడి ఏడ్చాను. ఇంత సామాన్యమైన విషయాన్ని మా ఇంట్లో ఏ ఆడమనిషీ నాకు ముందుగా చెప్పలేదు. అందుకే నేనిక్కడ రాసి పెడుతున్నాను. ఇవాళ ఎక్కుడు మొత్తం ఎక్కాను, ఏ ఇబ్బందీ లేదు.

నాలుగు కిలోమీటర్ల దగ్గర వెనక్కి తిరిగి, మళ్ళీ జోడుగుళ్ళపాలెం దగ్గరికి వచ్చేసరికి వెలుగొచ్చేసింది. ఒడ్డున వల లాగడం అయిపోయి ఆడవాళ్ళు చేపలు ఏరుతున్నారు. ఇసుకలో ఆపిన పడవకీ, పాతిన కర్రకీ మధ్య చీర ఉయ్యాల. అందులోంచి ఒక్కసారిగా పసిబిడ్డ ఏడుపు వినిపించింది. నా పిల్ల కాదు, నాకు తెలిసిన పిల్ల కాదు. అయినా ఆ ఏడుపు చెవినబడగానే రెండువైపులా జివ్వుమని లాగి పాలు చేపుకొచ్చేశాయి. ఆపుదామన్నా ఆగవు. ఒకదాని మీద ఒకటి వేసుకున్న రెండు స్పోర్ట్స్ బ్రాలూ దాటి, బూడిదరంగు టీషర్టు మీద రెండు తడి మచ్చలు విచ్చుకున్నాయి. చేతులు అడ్డం పెట్టుకుని నిలబడిపోయాను.

చేపలు ఏరుతున్న ఒక పెద్దావిడ తలెత్తి చూసింది.

“ఏటమ్మా, పాలు చేపీసినాయేటి? ఎన్నో నెల పిల్ల?”

“ఏడో నెలండీ.”

“మరెల్లు, ఎల్లి పట్టు. ఒళ్ళు కాగిపోయుంది, ఎంటనే పట్టకు తల్లీ. రెండు చుక్కలు పిండి పారబోసి అప్పుడు పట్టు. పాలసొర తింటన్నావా?”

తింటున్నానని చెప్పాను. నిజమే, పాలు బాగా పడతాయని మా అమ్మ వారానికోసారి సొరచేపతో సొరపుట్టు చేస్తోంది. ఆవిడ తృప్తిగా తలూపి మళ్ళీ పనిలో పడింది. నేను ఒంటి మీద పాలతో, చెమటతో మిగిలిన కిలోమీటరు పరిగెత్తాను. చేతులు అడ్డం పెట్టుకోలేదు.

అమ్మ పాపని ఎత్తుకుని గేటు దగ్గరే నిలబడి ఉంది. పరిగెత్తి వచ్చిన పాలు పిల్లకి పడవని అమ్మా అంటుంది. వ్యాయామం వల్ల పాలు చెడవని పిల్లల డాక్టరుగారు నాకు ముందే చెప్పారు. ఊపిరందనంత గట్టిగా పరిగెత్తితే పాలల్లో లాక్టిక్ యాసిడ్ కొంచెంసేపు పెరగొచ్చట, దానివల్ల బిడ్డకి హాని లేదట. నిజంగా పిల్లకి నచ్చనిది చెమట ఉప్పు. హడావిడిలో తుడుచుకోకుండానే పట్టాను. ఒక్క గుటక వేసి, మొహం ముడుచుకుని, వదిలేసి పైకి చూసింది. ‘ఏంటిది’ అన్నట్టు. తడిగుడ్డతో తుడుచుకున్నాను. ఆ పెద్దావిడ మాటకి రెండు చుక్కలు పిండాను కూడా. మళ్ళీ అందుకుంది.

తాగుతున్నంతసేపూ దాని ఎడమచెయ్యి నా వాచీ పట్టీని పట్టుకునే ఉంది. వాచీలో గుండె లెక్క 131 చూపిస్తోంది. అది గుటకలు వేస్తోంది, గుక్కకీ గుక్కకీ మధ్య ముక్కుతో చిన్నగా ఊపిరి తీస్తోంది, అంకె దిగుతోంది. 118. 104. 92. కాలి బొటనవేలు నా మోచేతికి ఆనించి తోస్తోంది. 81కి వచ్చేసరికి దాని కళ్ళు మూతపడ్డాయి. నా చెమట ఆరి పిక్కలు బిగుసుకున్నాయి. అయినా కదలాలనిపించలేదు. మొత్తం ఇరవై రెండు నిమిషాలు.

అలా కూర్చున్నప్పుడు ఫోనులో దాచుకున్న ఒక ఫొటో చూస్తుంటాను. సోఫీ పవర్ అని ఇంగ్లాండు ఆవిడ. 2018లో ఆల్ప్స్‌లోని మోబ్లాఁ కొండ చుట్టూ మూడు దేశాల మీదుగా సుమారు 170 కిలోమీటర్లు సాగే యూటీఎంబీ పరుగులో పాల్గొంది. అప్పటికి ఆవిడ బాబుకి మూడు నెలలే. ఇటలీలోని కుర్మాయర్ అనే ఊళ్ళో ఆగి, ఒకవైపు బాబుకి పాలిస్తూ, రెండోవైపు పంపుతో పాలు తీస్తున్నప్పుడు తీసిన ఫొటో అది. పక్కనే ఒక మగ రన్నరు వెల్లకిలా పడుకుని సేదతీరుతుంటాడు. అంతకుముందు మొదటి కాన్పప్పుడు ఇదే పందెంలో ఆవిడకి సీటు వచ్చినా వదులుకోవలసి వచ్చింది. గాయమైతే వచ్చే ఏటికి వాయిదా వేసేవాళ్ళు, గర్భానికి మాత్రం ఆ వీలు ఇవ్వలేదు. ఎన్నోసార్లు చూసిన ఫొటోలో ఇవాళ ఒక సంగతి పట్టుకున్నాను. ఆవిడా మధ్యలో ఆగింది. ఆగి పాలిచ్చింది, మళ్ళీ లేచి కొండెక్కింది. ఆవిడ పరుగుని ముక్కలుగా ఎవరూ లెక్కపెట్టలేదు. మొత్తం దూరం పూర్తి చేసిందనే రాశారు.

మా ఆయన నైట్ షిఫ్టు దిగి అప్పుడే వచ్చారు. కాళ్ళూ చేతులూ కడుక్కుని పాపని అందుకుని, “నువ్వెళ్ళు, తేన్పు నేను రప్పిస్తాలే” అన్నారు. వెళ్ళాను.

రెండో ఎనిమిది ఆర్కే బీచ్ వైపు. మొదటి రెండు కిలోమీటర్లు కాళ్ళు రాళ్ళే. గుండెల మీద బరువు మాత్రం దిగిపోయింది. ఆ తేలిక పాలిచ్చే తల్లులకే తెలుస్తుంది. కురుసుర సబ్‌మెరైన్ ఇంకా కొంచెం దూరం ఉందనగా వెనక్కి తిరిగాను. అప్పటికి ఎండ చురుక్కుమంటోంది. చివరి మూడు కిలోమీటర్లూ, అలిసిన కాళ్ళతో పరిగెత్తడం అంటారే, అచ్చం అదే. ఇరవై రెండు నిమిషాలు కూర్చుని లేచిన కాళ్ళు అవి. ఆగకుండా వచ్చి ఉంటే ఇంతకంటే సులువుగా ఉండేదేమో.

వచ్చీ రాగానే అమ్మ పెద్ద గ్లాసుతో చోడి (రాగి) అంబలి ఇచ్చింది. మజ్జిగ కలిపి, ఉల్లిపాయ ముక్కలు వేసి. తిండి విషయంలో నేనొక పెద్ద తప్పు చేశాను. పాపకి ఐదో నెల వచ్చినప్పుడు, పాత బరువుకి తొందరగా దిగాలన్న యావలో రాత్రి అన్నం మానేసి పరుగు పెంచాను. పది రోజుల్లో పాలు తగ్గాయి. పిల్ల రొమ్ము పట్టుకుని లాగి లాగి ఏడ్చేది, డైపర్లు తడవడం తగ్గింది. ఆ ఏడుపు తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది. డాక్టరుగారు కోప్పడలేదు, లెక్క చెప్పారు. మన హైదరాబాదులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు ప్రకారం పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలూ రోజుకి 600 కేలరీలు, తర్వాతి ఆరు నెలలూ 520 కేలరీలు అదనంగా కావాలి. అది మామూలు తల్లికి. నా బరువుకి ఎనిమిది కిలోమీటర్లు పరిగెత్తితే ఇంకో నాలుగొందలకి పైగా ఖర్చు. ఆ రెండూ కలిపి తినాలి, ఒకదాంట్లోంచి తీసి ఇంకోదానికి పెట్టకూడదు. అప్పట్నుంచి అంబలి, మునగాకు పప్పు, వెల్లుల్లి కారంతో వేడన్నం, నువ్వుండలు, ఏదీ వద్దనడం లేదు. బరువు మెల్లగా దిగుతోంది. దిగకపోయినా పర్లేదు.

బిగుతు బ్రా ఎక్కువసేపు వేసుకుంటే ఎడమవైపు పాలు గడ్డకడతాయి. ఆగస్టులో ఒకసారి జ్వరం కూడా వచ్చింది. ఇంటికి రాగానే ముందు అది విప్పేయడం ఇప్పుడు అలవాటైంది.

మధ్యాహ్నం పాపతో పాటే పడుకున్నాను. నిద్ర పట్టేముందు పోయిన నెల ఒక పది కిలోమీటర్ల పందెంలో జరిగింది గుర్తొచ్చింది. పరుగు అయ్యాక పాప ఆకలికి గుక్కపట్టింది. బిడ్డకి పాలిచ్చే చోటు ఎక్కడుందని అడిగితే అక్కడున్న కుర్రాడు తికమకపడి, ఎవర్నో అడిగొచ్చి, బాత్రూముల వైపు చూపించాడు. వేలమందికి అరటిపళ్ళు, మెడళ్ళు, ఫొటోలకి బ్యానరు, అన్నీ ఉన్నాయి. నాలుగు కర్రలు పాతి ఒక తెర కట్టడానికి ఎంతవుతుంది? చివరికి కారు అద్దాలకి తువ్వాళ్ళు కట్టి పాలిచ్చాను. ఈసారి చలికాలంలో నేవీ మారథాన్‌లో 21 కిలోమీటర్ల పరుగుకి పేరిచ్చాను. నిర్వాహకులకి ముందే మెయిల్ రాసి ఆ చోటు గురించి అడుగుతాను. నాకొక్కదానికే అవసరమైనా సరే అడుగుతాను. రేపు ఆఫీసులో లంచ్ టైములో పంపు పెట్టుకుని కూర్చున్నప్పుడు రాసేస్తాను.

ఇప్పుడు ఇల్లంతా సద్దుమణిగింది. నోటుబుక్కు తీశాను. పోయిన ఆదివారం ‘7’, దాని కింద ‘7’. వాటి పక్కన చిన్న బ్రాకెట్టు గీసి 14 అని రాశాను. దానికి పైనున్న ఆదివారాలకీ అలాగే గీశాను. ఇవాళ్టి తేదీ ఎదుట ఒకే గీతలో రాశాను: 16 కి.మీ. 7 దగ్గర చేపు. 8 దగ్గర పాలు, 22 నిమిషాలు. చివరి మూడు కష్టం.

ఉయ్యాల కదిలింది. ఎడమవైపు అప్పుడే బరువెక్కింది.