కొండదారిలో లెక్కపెట్టిన నాడి

కారు ఆపిన చోటి నుంచి కొండ అంచుకు కిలోమీటరున్నర నడక. మెట్లేమీ లేవు, చెట్ల నీడలో మెల్లగా ఎక్కే మట్టిదారి. నాకంటే ఎనిమిదేళ్లు పెద్దదైన అక్క కబుర్లు చెబుతూ ముందు నడుస్తోంది. నాలుగు వందల మీటర్లు నడిచానో లేదో, గుండె చప్పుడు చెవుల్లో వినపడసాగింది. అక్క ఏదడిగినా ముక్కలు ముక్కలుగా జవాబిస్తున్నాను. వాచీ చూస్తే నాడి నిమిషానికి 148. టెన్షన్ వచ్చేసింది, దాంతో 152 అయింది.

"కూర్చోరా, మాట్లాడకు" అంటూ అక్క నన్ను దారి పక్క బండ మీద కూర్చోబెట్టింది. చేయి ఊగుతున్నప్పుడు వాచీ తప్పు చూపించవచ్చు, వేళ్లతో చూసుకోమంది. బొటనవేలి కిందుగా మణికట్టు మీద చూపుడు వేలు, మధ్య వేలు ఆనించాను. బొటనవేలితో చూడకూడదు, దాని సొంత నాడి లెక్కలో కలిసిపోతుంది. పదిహేను సెకన్లలో 36. నాలుగుతో హెచ్చవేస్తే 144. వాచీ తప్పేం కాదు.

ఛాతీలో నొప్పి ఉందా, కళ్లు తిరుగుతున్నాయా, నాడి లయ తప్పుతోందా అని అక్క గుచ్చి గుచ్చి అడిగింది. ఏదీ లేదు. ఉండి ఉంటే నడక అక్కడే మానేసి డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే, ఇందులో మొహమాటం పనికిరాదు. కదలకుండా ఒక నిమిషం కూర్చుని మళ్లీ లెక్కపెడితే 29, అంటే 116. ఆపగానే అంత దిగడం చూశాక కాస్త ధైర్యం వచ్చింది.

అక్క నాడి అప్పుడు 102. అదే దారి, అదే వేగం! నాకు 42 ఏళ్లు. 220లోంచి వయసు తీసేస్తే వచ్చే 178 నా గుండె అందుకోగల గరిష్ఠ వేగానికి ఉజ్జాయింపు లెక్క. అక్కకు తేలికైన నడకలో నేను అందులో 80 శాతం దాటేశాను. పదేళ్లుగా కుర్చీకే అతుక్కుపోయిన ఉద్యోగం నాది. ఊరికే కూర్చున్నప్పుడు నా నాడి 84 ఉంటుంది, 60 నుంచి 100 మధ్య మామూలే కదా అని ఏనాడూ పట్టించుకోలేదు. వ్యాయామం లేని గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు పంపే రక్తం తక్కువ. కాళ్లు అడిగినంత ఆక్సిజన్ అందించాలంటే ఎక్కువసార్లు కొట్టుకోక తప్పదు. పైగా ఆ రోజు రాత్రంతా ప్రయాణం, నిద్ర లేదు, నీళ్లు సరిగా తాగలేదు, దిగగానే రెండు కప్పుల కాఫీ పడింది.

ఆ పూట వెనక్కి వచ్చేశాం. మర్నాడు నిద్ర తీరాక, చల్లటి పొద్దున మళ్లీ బయల్దేరాం. పూర్తి వాక్యం ఆగకుండా మాట్లాడగలిగినంత వేగంతోనే నడవాలని అక్క షరతు. మాట తెగితే ఆగడమే. ఐదుసార్లు ఆగాను. పైకి చేరేసరికి లోయలో పొగమంచు ఇంకా విడలేదు. వాచీలో 126.

తిరిగొచ్చాక డాక్టర్‌ను కలిశాను. రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం వల్ల కూడా ఇలా అవుతుందని రక్తపరీక్షలు రాశారు, ఈసీజీ తీయించారు. అన్నీ బాగానే ఉన్నాయి. వారానికి ఐదు రోజులు, అరగంట చొప్పున నడవమన్నారు. మూడు నెలలుగా నడుస్తున్నాను. మొన్న నిద్ర లేచి కాసేపు కుర్చీలో కూర్చుని వేళ్లు మణికట్టు మీద పెట్టాను. పదిహేను సెకన్లలో 19.